గుడ్డ బూటు మీద సేల్స్‌మన్ సంతకం



ఈ పూట ఒక జత బూట్ల కథ చెబుతాను. రేడియోలో చూపించే వీలు లేదు కాబట్టి ముందు మాటల్లోనే వాటిని మీ ఎదుట పెట్టాలి. చీలమండ దాటి పైకి వచ్చే నల్లటి గుడ్డ బూటు. అడుగున రబ్బరు. వేళ్ల దగ్గర తెల్లని రబ్బరు తొడుగు. చుట్టూ తెల్ల రబ్బరు పట్టీ, దాని మీద సన్నని గీత. లోపలి వైపు, అంటే నడుస్తుంటే ఒక కాలు రెండో కాలికి తగిలే వైపు, చీలమండ ఎముక మీదికి వచ్చేలా గుండ్రటి బిళ్ల. బిళ్ల మధ్యలో నీలం నక్షత్రం. ఆ నక్షత్రానికి అటొక ముక్క, ఇటొక ముక్కగా ఒక మనిషి సంతకం ఉంటుంది: చక్ టేలర్.

ఈ బూట్లను మీరు చూసే ఉంటారు. మన కాలేజీ పిల్లల కాళ్లకు కనిపిస్తాయి, సినిమాల్లో కనిపిస్తాయి. కన్వర్స్ ఆల్ స్టార్ అంటారు. పుట్టి వందేళ్లు దాటింది. పెద్దగా మారకుండా ఇంతకాలం అమ్ముడైన ఆటబూటు మరొకటి నాకు తెలియదు. సంతకం చూసినవాళ్లు ఆ చక్ టేలర్ ఎవరో గొప్ప ఆటగాడై ఉంటాడనుకుంటారు. నిజానికి ఆయన ఆ బూట్లను ఊరూరా తిరిగి అమ్మిన సేల్స్‌మన్. ఆటగాళ్ల పేర్లతో బూట్లు రావడం ఇవాళ మామూలే. అమ్మినవాడి పేరు బూటు మీదికి ఎక్కడమే ఆశ్చర్యం. అది ఎలా జరిగిందో తెలియాలంటే బాస్కెట్‌బాల్ పుట్టిన నాటికి వెళ్లాలి.

1891 డిసెంబరు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణం. అక్కడ వైఎంసీఏ వాళ్లు వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే పాఠశాల నడిపేవారు. బయట మంచు, లోపల విసిగిపోయిన కుర్రాళ్లు. చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకోగల ఆట ఒకటి కనిపెట్టమని జేమ్స్ నైస్మిత్ అనే కెనడా ఉపాధ్యాయుడికి పని అప్పగించారు. ఆయన పీచ్ పండ్లు మోసే రెండు బుట్టలను వ్యాయామశాల గ్యాలరీ కమ్మీలకు బిగించి, 13 నియమాలు రాసి, బంతి చేతికిచ్చాడు. బాస్కెట్‌బాల్ అలా మొదలైంది.

ఆ ఆటలో కాలికి ఎంత పని ఉందో ఒక్కసారి ఊహించండి. నున్నటి చెక్క నేల మీద ఉన్నట్టుండి ఆగాలి, పక్కకు తిరగాలి, ఎగరాలి, దిగాలి. తోలు అడుగున్న మామూలు బూటు జారుతుంది. వట్టి కాళ్లతో ఆడితే చర్మం ఊడుతుంది. నేలను పట్టుకునే అడుగు కావాలి, చీలమండను కాచే గోడ కావాలి, రెండూ బరువు లేకుండా ఉండాలి. రబ్బరు, గుడ్డ కలిసిన బూటే ఆనాటికి దొరికిన జవాబు.

ఆ జవాబు కూడా మసాచుసెట్స్‌లోనే సిద్ధంగా ఉంది. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసెక్కి విరుగుతుంది. దాన్ని గంధకంతో కలిపి వేడి చేస్తే ఏ రుతువులోనైనా సాగుతూ నిలుస్తుందని 1839లో అదే రాష్ట్రంలోని వోబర్న్ పట్టణంలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుక్కున్నాడు. దాన్నే వల్కనైజేషన్ అంటారు. ఆ చుట్టుపక్కల రబ్బరు ఫ్యాక్టరీలు వెలిశాయి. వోబర్న్‌కు దగ్గరలోని మాల్డెన్ పట్టణంలో 1908లో మార్క్విస్ మిల్స్ కన్వర్స్ అనే ఆయన తన రబ్బరు బూట్ల కంపెనీ పెట్టాడు.

ఆయన మొదట చేసింది ఆటబూట్లు కావు. మంచులో, బురదలో తోలు బూట్లు పాడవకుండా వాటి పైన తొడుక్కునే రబ్బరు తొడుగులు చేసేవాడు. అక్కడే ఒక చిక్కుంది. ఆ తొడుగులు చలికాలపు సరుకు. ఎండాకాలం వస్తే గిరాకీ ఉండదు. గిరాకీ లేకపోతే పనివాళ్లను ఇంటికి పంపాలి, మళ్లీ చలికాలానికి కొత్తవాళ్లను వెతికి పని నేర్పాలి. ఏడాది పొడవునా ఫ్యాక్టరీ నడవాలంటే మరో సరుకు కావాలి. కన్వర్స్ గుడ్డ బూట్ల వైపు తిరగడానికి ఇదీ ఒక కారణం. 1915 నాటికి టెన్నిస్ బూట్లు చేశాడు. 1917లో బాస్కెట్‌బాల్ కోసమే ఒక ఎత్తు బూటు తెచ్చాడు. ఆల్ స్టార్ పుట్టిన ఏడాదిగా చరిత్రలో నిలిచింది ఆ 1917.

కన్వర్స్ మొదటివాడేమీ కాదు. స్పాల్డింగ్ కంపెనీ అంతకుముందే బాస్కెట్‌బాల్ బూట్లు అమ్ముతోంది. కెడ్స్ బూట్లు 1916లోనే బజారులోకి వచ్చాయి. 1917లో ఈ కంపెనీల బూట్లు పక్కపక్కన పెట్టి చూపితే, వందేళ్ల తర్వాత మిగిలేది ఏదో చెప్పడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

తయారీ గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే ఈ బూటు గుణం, లోపం రెండూ అక్కడే ఉన్నాయి. కాలి ఆకారంలో ఉన్న అచ్చు మీదికి కుట్టిన గుడ్డను బిగించి లాగుతారు. కింద రబ్బరు అడుగు అతికిస్తారు. గుడ్డ, అడుగు కలిసే చోట చుట్టూ రబ్బరు పట్టీ చుడతారు. తర్వాత అచ్చులతో సహా బూట్లన్నిటినీ పెద్ద పొయ్యిలోకి తోసి, వేడి, ఒత్తిడి మధ్య ఉడికిస్తారు. బయటికి వచ్చేసరికి పచ్చి రబ్బరు గట్టిపడి, గుడ్డ, పట్టీ, అడుగు ఏకమై ఉంటాయి. విడదీయడం కష్టం. పైన గుడ్డ కాబట్టి గాలి ఆడుతుంది, తేలికగా ఉంటుంది, లోపలి వైపు గాలి కోసం రెండు లోహపు కన్నాలు కూడా ఉంటాయి. అయితే అరికాలి కింద మెత్తదనం తక్కువ. గుడ్డ సాగే కొద్దీ చీలమండకు పట్టు సడలుతుంది. ఆ లోపం యాభై ఏళ్లపాటు ఎవరికీ పెద్దగా కనిపించలేదు. అంతకన్నా మంచిది చేసినవాళ్లు లేరు.

ఇప్పుడు చక్ టేలర్ దగ్గరికి వద్దాం.

పూర్తి పేరు చార్లెస్ హాలిస్ టేలర్. 1901 జూన్ 24న ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. ఆ రాష్ట్రానికి బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. 1911 నుంచే అక్కడ హైస్కూళ్ల మధ్య రాష్ట్ర స్థాయి పోటీ జరుగుతోంది. చిన్న ఊళ్లలో సైతం బడి జట్టు గెలుపే ఊరి పరువు. కొలంబస్ పట్టణం హైస్కూల్లో టేలర్ జట్టు కెప్టెన్. బడి అయ్యాక డబ్బుకు ఆడే జట్లలో కొన్నాళ్లు ఆడాడు. ఆ రోజుల్లో ఆ జట్లకు స్థిరమైన లీగు లేదు, జీతం భరోసా లేదు. 1920ల మొదట్లో షికాగోలోని కన్వర్స్ ఆఫీసు మెట్లెక్కి ఉద్యోగం అడిగాడు. బూట్లు కాళ్లను కొరుకుతున్నాయని ఫిర్యాదు చేయడానికి వెళ్లి ఉద్యోగంతో బయటికి వచ్చాడని కూడా చెప్పుకుంటారు.

ఆయన చుట్టూ ఇలాంటి కథలు చాలా అల్లుకున్నాయి. అప్పట్లో పేరు మోసిన ఒరిజినల్ సెల్టిక్స్ జట్టులో ఆడాడని చాలాకాలం రాశారు. ఏబ్రహాం ఆమిడార్ అనే రచయిత పాత పత్రికలు, రికార్డులు తిరగేసి ఆయన జీవిత చరిత్ర రాశాడు. అది 2006లో వచ్చింది. టేలర్ ఆట గొప్పల్లో కొన్నింటికి ఆధారం దొరకలేదని అందులో తేల్చాడు. నన్ను అడిగితే దీనివల్ల టేలర్ విలువ తగ్గదు. ఆటగాడిగా ఆయన మధ్యస్థుడు. ఆయన అసలు పని వేరు. ఆ పనికి మాత్రం ఊరూరా సాక్ష్యాలున్నాయి.

ఆ పని ఏమిటి? కారు డిక్కీ నిండా బూట్లు వేసుకుని ఊళ్లు తిరగడం. ఊళ్లోకి వెళ్లగానే దుకాణం వైపు చూడకుండా నేరుగా హైస్కూలుకో కాలేజీకో పోయి కోచ్‌ను కలుసుకునేవాడు. పిల్లలను వ్యాయామశాలలో కూర్చోబెట్టి, బంతి ఎలా పట్టాలి, ఎలా అందించాలి, రక్షణలో కాలు ఎటు వేయాలి, ఎక్కడి నుంచి గురి చూడాలి, అన్నీ చేసి చూపించేవాడు. దీన్ని క్లినిక్ అనేవారు, అంటే శిక్షణ శిబిరమే. మొదటి క్లినిక్ 1922లో నార్త్ కెరొలైనా స్టేట్ కాలేజీలో జరిగింది. అలా నాలుగు దశాబ్దాలకు పైగా చేశాడు.

అప్పటి పరిస్థితి గుర్తు పెట్టుకోండి. టీవీ లేదు. బాస్కెట్‌బాల్ పుట్టి ముప్ఫై ఏళ్లే. చాలా ఊళ్లలో కోచ్ అంటే లెక్కల మాస్టారో చరిత్ర మాస్టారో. ఆట మీద ఇష్టమే తప్ప ఎవరి దగ్గరా నేర్చుకున్నది లేదు. అలాంటి చోటికి ఆట తెలిసిన ఒక మనిషి వచ్చి, డబ్బు అడగకుండా ఒక సాయంత్రం నేర్పిపోతున్నాడు. అంతకుముందు ఎక్కడెక్కడ ఏ ఎత్తు చూశాడో దాన్ని ఇక్కడ చెబుతున్నాడు, ఇక్కడ చూసింది తర్వాతి ఊళ్లో చెబుతాడు. ఆట గురించిన వార్త, విద్య ఆ కారులోనే ప్రయాణం చేశాయి. శిబిరం అయ్యాక బూట్ల మాట వచ్చేది. ఆర్డరు మాత్రం ఆ ఊరి క్రీడా సామాను దుకాణం ద్వారానే రాయించేవాడు. దుకాణదారు పొట్ట కొట్టలేదు కాబట్టి అతనూ మిత్రుడయ్యేవాడు. కోచ్ మిత్రుడు, దుకాణదారు మిత్రుడు, పిల్లలకు గురువు. ఇక ఆ ఊళ్లో వేరే కంపెనీ బూటుకు చోటెక్కడ?

1922 నుంచే కన్వర్స్ ఏటా బాస్కెట్‌బాల్ ఇయర్‌బుక్ అనే వార్షిక సంచిక వేసింది. దేశం నలుమూలల జట్ల ఫొటోలు అందులో అచ్చయ్యేవి. చిన్న ఊరి బడి జట్టు ఫొటో పుస్తకంలో పడిందంటే ఆ ఊరికి అది పండుగ. తర్వాతి కాలంలో టేలర్ స్వయంగా ఏటా దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాళ్లను ఎంపిక చేసి ఆ సంచికలో ప్రకటించేవాడు. బూటు ఎలా ఉంటే ఆడటానికి హాయిగా ఉంటుందో ఆటగాళ్ల నోట విని కంపెనీకి చేరవేసేవాడు. 1930ల మొదట్లో కంపెనీ ఆయన పేరును చీలమండ బిళ్ల మీదికి ఎక్కించింది.

తన పేరుతో అమ్ముడైన బూట్ల మీద ఆయన జతకింత అని వాటా తీసుకోలేదు. జీతం, ఖర్చులు, ఎక్కి తిరగడానికి కారు. ఏళ్ల తరబడి స్థిరమైన ఇల్లు లేకుండా హోటళ్లలోనే గడిపాడని, సొంత సామాను దాచుకోవడానికి షికాగోలో కంపెనీ గిడ్డంగిలో ఒక బీరువా ఉండేదని ఆయనను ఎరిగినవాళ్లు చెప్పారు. కోట్ల జతల మీద ఉన్న పేరు ఆ మనిషిది. నాకు ఇందులో బాధ కలిగించే సంగతి ఉంది, గౌరవం కలిగించే సంగతీ ఉంది. రెంటినీ విడదీసి చెప్పలేను.

కంపెనీ పెట్టిన కన్వర్స్ గతి కూడా చూడండి. కార్ల టైర్ల వ్యాపారంలోకి దిగి దెబ్బతిన్నాడు. 1929లో కంపెనీ దివాలా తీసి ఆయన చేయి దాటిపోయింది. రెండేళ్లకు కన్నుమూశాడు. 1933లో స్టోన్ కుటుంబం చేతికి వచ్చాక కంపెనీ కుదుటపడి దాదాపు నలభై ఏళ్లు నిలకడగా నడిచింది. యజమానులు మారారు. బూటు మారలేదు, టేలర్ ప్రయాణమూ ఆగలేదు.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌ను తొలిసారి పతకాల పోటీగా చేర్చారు. నైస్మిత్ ముసలితనంలో అక్కడికి వెళ్లి తన ఆట ప్రపంచ వేదిక మీద ఆడటం కళ్లారా చూశాడు. ఫైనల్ అమెరికాకూ కెనడాకూ మధ్య. ఆట ఆరుబయట టెన్నిస్ మట్టి కోర్టులో పెట్టారు. ఆ రోజు వాన కురిసింది. నేల బురదై బంతి ఎగరడం మానేసింది. అడుగడుగునా బంతిని నేలకు కొట్టుకుంటూ పోవాల్సిన ఆటలో బంతి బురదలో అంటుకుపోతుంటే ఏం చేస్తారు? చివరికి అమెరికా 19, కెనడా 8. ఇవాళ హైస్కూలు జట్లు ఒక్క పావు ఆటలో చేసే స్కోరు అది. అమెరికా జట్టు కాళ్లకు ఆల్ స్టార్ బూట్లే. తెల్ల గుడ్డ మీద ఎరుపు, నీలం గీతల జత ఆ ఒలింపిక్స్‌తో వాడుకలోకి వచ్చింది.

న్యూయార్క్ హార్లెం పేటలో 1923లో బాబ్ డగ్లస్ స్థాపించిన రెన్స్ జట్టును కూడా ఇక్కడ తలచుకోవాలి. జట్టంతా నల్లజాతి ఆటగాళ్లే. అప్పటి వర్ణ వివక్ష వల్ల శ్వేతజాతి లీగుల్లో చోటు లేదు. చాలా ఊళ్లలో హోటల్ గది లేదు, భోజనం లేదు. అయినా బస్సులో దేశమంతా తిరిగి ఆడి, 1939లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రొఫెషనల్ టోర్నమెంటు గెలిచారు. వాళ్లు కూడా కన్వర్స్ బూట్లతోనే ఆడారు. ఒకే బూటు వేసుకున్నా ఒకే గదిలో పడుకోనివ్వని దేశం అది.

రెండో ప్రపంచ యుద్ధంలో కన్వర్స్ సైన్యానికి బూట్లు చేసింది. సైనికులు కసరత్తుల్లో ఆల్ స్టార్‌లు తొడుక్కున్నారు. టేలర్ ఒహాయోలోని రైట్ ఫీల్డ్ వైమానిక స్థావరంలో ఎయిర్‌టెక్స్ అనే జట్టుకు కోచ్‌గా పనిచేశాడు. యుద్ధం ముగిశాక 1940ల చివర్లో ఎన్‌బీఏ అనే ప్రొఫెషనల్ లీగు రూపు దిద్దుకుంది. కాలేజీల్లోనూ, ఆ కొత్త లీగులోనూ ఎటు చూసినా ఆ నక్షత్రమే. బాస్టన్ సెల్టిక్స్ నల్ల జతలతో ఆడి, బిల్ రసెల్ ఉన్న 13 సీజన్లలో 11 సార్లు ఛాంపియన్‌లయ్యారు. 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీ పట్టణంలో విల్ట్ చాంబర్లిన్ ఒకే ఆటలో 100 పాయింట్లు చేశాడు. ఏడడుగుల పైచిలుకు మనిషి. చూసినవాళ్లు 4,124 మందే. ఆ ఆటకు టీవీ ప్రసారం లేదు. ఎన్‌బీఏలో ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు. ఆ రాత్రి అంతటి దేహాన్ని మోసింది ఇవాళ పిల్లలు సినిమాకు వేసుకెళ్లే ఆ గుడ్డ బూటే.

చక్ టేలర్ 1969 జూన్ 23న ఫ్లోరిడాలో చనిపోయాడు. తెల్లవారితే 68వ పుట్టినరోజు. ఆ ఏడాదే ఆయనకు నైస్మిత్ పేరున స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం ఇచ్చారు, ఆటగాడిగా కాదు, ఆటకు సేవ చేసినవాడిగా. సరైన గౌరవం అని నా అభిప్రాయం.

బూటుకు గడ్డు రోజులు కూడా అప్పుడే మొదలయ్యాయి. జర్మనీ కంపెనీ అడిడాస్ 1960ల రెండో సగంలో తోలు బాస్కెట్‌బాల్ బూట్లతో అమెరికాకు వచ్చింది. 1969 నాటి సూపర్‌స్టార్ బూటుకు పైన తోలు, వేళ్ల మీద గట్టి రబ్బరు చిప్ప. తోలు సాగదు, చీలమండను బిగించి పట్టుకుంటుంది. ఇందాక నేను చెప్పిన గుడ్డ లోపం అప్పుడు అందరికీ కనపడింది. 1973లో పూమా వాళ్లు న్యూయార్క్ ఆటగాడు వాల్ట్ ఫ్రేజియర్ ముద్దుపేరుతో క్లైడ్ బూటు తెచ్చారు. కన్వర్స్ కూడా తోలు బూట్లు చేసింది. జూలియస్ ఇర్వింగ్ వాటితో ఆకాశంలో నడిచినట్టు ఆడాడు. పాత గుడ్డ బూటు మాత్రం 1970లు ముగిసేసరికి ఎన్‌బీఏ కోర్టు నుంచి దాదాపు వెళ్లిపోయింది.

1984లో జరిగింది మరీ విచిత్రం. మైకేల్ జోర్డాన్ కాలేజీలో ఆడినంత కాలం కన్వర్స్ బూట్లే వేసుకున్నాడు. ఆయన కోచ్ డీన్ స్మిత్‌కు ఆ కంపెనీతో ఒప్పందం ఉండేది. ఆ ఏడాది లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లోనూ అవే. ప్రొఫెషనల్ అయ్యాక కన్వర్స్ వాళ్లనూ కలిశాడు. అప్పటికే వాళ్ల దగ్గర మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్, ఇర్వింగ్ ఉన్నారు. కొత్త కుర్రాణ్ని వాళ్లకన్నా ఎత్తున పెట్టే ఆలోచన కంపెనీకి లేదు. జోర్డాన్ నైకీకి వెళ్లాడు. 1985లో ఎయిర్ జోర్డాన్ బజారులోకి వచ్చి, మొదటి ఏడాదిలోనే 10 కోట్ల డాలర్లకు పైగా అమ్ముడైంది. ఊరూరా తిరిగి నేర్పిన మనిషి పేరుతో బూటు అమ్మిన కాలం అక్కడితో ముగిసింది. టీవీలో ఎగిరే మనిషి పేరుతో అమ్మే కాలం మొదలైంది.

కోర్టు దూరమైనా బూటు చావలేదు. వీధి దాన్ని దగ్గరికి తీసుకుంది. 1960ల దాకా ఎక్కువగా నలుపు, తెలుపు తప్ప రంగులుండేవి కావు. తర్వాత రకరకాల రంగులు వచ్చాయి. చవకైనది, తేలికైనది, చినిగినా అందంగా ఉండేది. 1976లో వచ్చిన రాకీ సినిమాలో సిల్వెస్టర్ స్టాలోన్ తెల్లవారుజామున ఫిలడెల్ఫియా వీధుల్లో పరుగెత్తింది ఈ బూట్లతోనే. నిర్వాణ బృందం గాయకుడు కర్ట్ కొబేన్ వేసుకున్నాడు. లాస్ ఏంజిలిస్ నల్లజాతి, మెక్సికన్ పేటల్లో కుర్రాళ్లు వేసుకున్నారు. తల్లి వైపు మూలాలు మద్రాసులో ఉన్న కమలా హారిస్ 2020 ఎన్నికల ప్రచారంలో విమానం దిగుతూ వేసుకుని కనిపించింది. ఆటతో సంబంధం లేనివాళ్లు కొన్నందుకే ఆటబూటు బతికింది.

కంపెనీ మటుకు బతకలేకపోయింది. అప్పులు పెరిగి 2001 జనవరిలో మళ్లీ దివాలా. ఆ వసంతంలోనే నార్త్ కెరొలైనాలోని లంబర్టన్ ఫ్యాక్టరీ మూసేశారు. చక్ టేలర్ మొదటి క్లినిక్ నడిపిన రాష్ట్రం, జోర్డాన్ పెరిగిన రాష్ట్రం అది. వందల మంది ఒక్కసారిగా పని పోగొట్టుకున్నారు. తయారీ అంతా ఆసియాకు తరలింది. 2003లో నైకీ సుమారు 30 కోట్ల డాలర్లకు కన్వర్స్‌ను కొనేసింది. ఒకప్పుడు కన్వర్స్ వదులుకున్న కుర్రాడి బూట్లతో పెరిగిన కంపెనీయే చివరికి కన్వర్స్‌కు యజమాని అయింది.

ఎండాకాలంలో పనివాళ్లను ఇంటికి పంపకుండా ఉండటం కోసం కూడా మొదలైన బూటు ఇది. కాబట్టి పనివాళ్ల మాట దాటేసి ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. 2011లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఇండొనేసియాలోని సుకబుమి దగ్గర కన్వర్స్ బూట్లు చేసే ఫ్యాక్టరీ గురించి ఒక కథనం ఇచ్చింది. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు. సూపర్‌వైజర్లు తిడుతున్నారని, మీద బూట్లు విసురుతున్నారని వాళ్లు చెప్పారు. అలాంటి దుర్వ్యవహారం జరుగుతున్నట్టు తమ పరిశీలనలోనూ తేలిందని నైకీ ఒప్పుకుంది. ఇది దూరదేశపు సంగతి అనుకోవద్దు. మన తడ దగ్గర మాంబట్టులో పెద్ద బూట్ల ఫ్యాక్టరీ ఉంది. ఆల్ స్టార్‌ను కోర్టు నుంచి సాగనంపిన అడిడాస్ బూట్లే అక్కడ తయారవుతున్నాయి. ఆ మిషన్ల ముందు కూర్చున్నవాళ్లలో అత్యధికులు మన ఆడపిల్లలే. బూటు మీద నక్షత్రం ఉంటుంది, అడిడాస్ మూడు గీతలుంటాయి, సంతకం కూడా ఉంటుంది. కుట్టినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. వాళ్ల జీతం, వాళ్ల మర్యాద గురించి కొనేవాళ్లు అడగాలి. అడిగే హక్కు బిల్లు కట్టినవాళ్లకు ఉంది.

ఇక స్ప్రింగ్‌ఫీల్డ్‌కూ మనకూ ఉన్న ఒక బంధం చెప్పి ముగిస్తాను. నైస్మిత్ ఆట కనిపెట్టిన ఆ వైఎంసీఏ విద్యాసంస్థలోనే తర్వాతి కాలంలో చదువుకున్న హ్యారీ క్రో బక్ అనే ఆయన 1919లో మద్రాసు వచ్చాడు. 1920లో అక్కడ వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టు వెంట ఉన్నదీ ఆయనే. మద్రాసు ప్రెసిడెన్సీలో తెలుగు జిల్లాలు కలిసి ఉన్న రోజులవి. అక్కడ శిక్షణ పొందిన మనవాళ్లు మన బడుల్లో డ్రిల్లు మాస్టార్లుగా వచ్చారు. వాళ్ల వెనక ఏ బూట్ల కంపెనీ లేదు. వాళ్ల పేరు ఏ బిళ్ల మీదా అచ్చు కాలేదు. చక్ టేలర్ కారులో తిరిగి చేసిన పనినే వాళ్లు ఈల మెడలో వేసుకుని, ఎండలో నిలబడి, తరం తర్వాత తరానికి చేశారు.

మీ ఊరి బడి ఆవరణలో రెండు ఇనుప స్తంభాలు ఉండవచ్చు. రింగు వంగిపోయి, బోర్డు ఊడిపోయి ఉండవచ్చు. పూర్వ విద్యార్థులు నలుగురు కలిస్తే బాగు చేయించడానికి అయ్యే ఖర్చు పెద్దది కాదు. పీఈటీ మాస్టారు ఉంటే ఆయనకు ఒక బంతి కొనివ్వండి, ఆటల పీరియడును లెక్కలకూ సైన్సుకూ లాక్కోకుండా ఆయనకే వదలమని హెడ్మాస్టరుతో మాట్లాడండి. మాస్టారే లేకపోతే ఆ ఖాళీ భర్తీ చేయమని గట్టిగా అడగండి. పిల్లల కాళ్లకు ఏ కంపెనీ బూట్లున్నాయన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు నేర్పేవాళ్లు కావాలి.